జక్రయ్య బిగింపు

నల్లమడ వాగు పొంగి, పత్తి చేలల్లో నీళ్లు నిలిచిపోయి, కాయ చెట్టునే కుళ్లిన ఏడాది అది. నీళ్లు తీశాక గుంటూరులో రెండు రకాల పని పెరిగింది. జిన్నింగు మిల్లుల్లో తడిసిన పత్తి ఆరబోసే పని ఒకటి. షెడ్లలో నీళ్లు తాగిన ఇంజన్లు విప్పే పని ఒకటి. ఏటుకూరు రోడ్డులో నాగూర్ వలి షెడ్డు ముందు బండ్లు వరసగా నిలబడ్డాయి. కొన్నిటికి సీట్ల కింద ఒండ్రు ఇంకా తడిగానే ఉంది.

మంగళవారం పొద్దున ఒక లారీ వెనక తాడు కట్టుకుని టాక్సీ ఒకటి వచ్చి ఆగింది. టాక్సీ బుల్లయ్యది. ఆ బండి ఇంజను విప్పి కట్టింది ఈ షెడ్డులోనే, పోయిన వారం. బుల్లయ్య దిగి తలుపు గట్టిగా వేశాడు.

“వలీ, ఇటు రా. నీ షెడ్డులోంచి పోయి వారం కాలేదు. నరసరావుపేట దారిలో టకటకా కొట్టుకోడం మొదలెట్టింది. బెల్టు జారిపోయింది. ఇంజను మరిగి ఆగిపోయింది. వెనక సీట్లో ఆస్పత్రికి పోయే మనిషుంది. ఆమెను బస్సెక్కించేసరికి నా పరువంతా రోడ్డు మీదే పోయింది.”

నాగూర్ వలి బయటికి వచ్చాడు. షెడ్డు అతనిది, బోర్డు మీద పేరు కూడా అతనిదే. పని ఎంతున్నా తెల్లచొక్కా మాసిపోకుండా చూసుకుంటాడు. ఆ చొక్కాతోనే బండి ముందు గోనెపట్టా పరిచి పడుకుని కిందికి చూశాడు. క్రాంకు ఇరుసు చివర బెల్టు తిరిగే పుల్లీని చేత్తో ఊపాడు. అది ఊడే పన్ను లాగా కదిలింది. దాన్ని పట్టి ఉంచే పెద్ద బోల్టు రెండు వేళ్లతో తిప్పితేనే తిరిగింది. బోల్టు వెనక రేకు వాషరుకి ఒక చెవి ఉంటుంది. బోల్టు వదులు కాకుండా ఆ చెవిని దాని మీదికి వంచుతారు. ఆ చెవి విరిగిపోయి ఉంది.

“బుడే,” అని పిలిచాడు పడుకునే.

బుడే వచ్చాడు. ముప్పై ఏళ్ల మనిషి. ఇద్దరు పిల్లల తండ్రి. చేతిలో ఉన్న గిన్నెలో పెట్రోలు, పెట్రోల్లో నట్లు.

“రేకు వంచింది నువ్వేగా?”

“నేనే.”

“ఇట్లాగేనా వంచేది?”

బుడే వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత గిన్నె నేల మీద పెట్టాడు.

“నాదే తప్పు,” అన్నాడు.

షెడ్డులో పెద్ద మేస్త్రీ జక్రయ్య నాలుగడుగుల దూరంలో బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. వేస్టు పీచుతో చేతులు తుడుచుకుంటున్నాడు. ఆ షెడ్డులో ఇంజను ఎవరు కట్టినా క్రాంకు బోల్టు చివరి బిగింపు జక్రయ్యది. అతను గొట్టం తగిలించిన పానా మీద చెయ్యి వేసి లాగి, చాలు అన్నాక ఇంకెవరూ ఆ బోల్టు మీద పానా పెట్టరు. పెడితే జక్రయ్యను నమ్మనట్టు. ఎవరూ ఆ మాట పైకి అనరు. కానీ అన్నం తినేవాణ్ణి ఎవరూ దాటి పోనట్టే, అదీ ఎవరూ చెయ్యరు. బండ్ల వాళ్లు వచ్చి ముందు అడిగేది “జక్రయ్య బిగించాడా” అనే. బిగించాడంటే ఇంక మాట లేదు. అందుకని ఆ పొద్దున బుల్లయ్య గానీ, నాగూర్ వలి గానీ, లారీ వాడు గానీ బల్ల వైపు తల తిప్పలేదు.

నాగూర్ వలి లేచి చొక్కా దులుపుకున్నాడు. పుల్లీని పట్టే గాడి కూడా అరిగి చెరిగిపోయింది. క్రాంకే మార్చాలి.

“జక్రయ్యన్న చెయ్యి పడ్డ బోల్టుకి నువ్వు రేకు కూడా సరిగ్గా వంచలేకపోయావు,” అన్నాడు. “నీకిక్కడ ఇంకేం పని రా? పో.”

గట్టిగా అనలేదు. బుడే లోపలికి పోయి మేకుకి వేలాడుతున్న తన చొక్కా తీసుకున్నాడు. తన సుత్తి, తన ఉలి ఒక గుడ్డలో చుట్టుకున్నాడు. బల్ల పక్కనించి పోతూ ఆగాడు.

“వస్తా మేస్త్రీ.”

జక్రయ్య తల ఊపాడు. చేతిలో పీచు అప్పటికే నల్లగా అయింది. దాంతోనే ఇంకా తుడుచుకుంటున్నాడు.

*

ఇంటికి పోయేసరికి భార్య ఎలీసమ్మ పొయ్యి దగ్గర ఉంది. జక్రయ్య కాళ్లు కడుక్కుని గుమ్మంలో కూచున్నాడు. ఎలీసమ్మ చెంబుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. అతను ఎడమచేత్తో అందుకున్నాడు. ఆమె చూసింది.

“ఏదీ, ఆ చెయ్యి చూపించు.”

“ఏముంది చూడ్డానికి.”

ఆమె పట్టుకుని తిప్పి చూసింది. కుడి అరచేతి అంచున, చిటికెన వేలి కింద పాత బొబ్బ ఉంది. పగిలి ఎండిపోయింది. దాని పక్కన కొత్తది లేచి ఉంది. బియ్యపు గింజంత నీరు పట్టింది.

“ఇది ఎప్పుడయింది?”

“ఏమో. సైలెన్సరు తగిలుంటది.”

“తగిలితే తెలీదా?”

అతను నీళ్లు తాగాడు. చెంబు పక్కన పెట్టాడు. ఎలీసమ్మ బొబ్బ మీద గోటితో నొక్కింది. అతని ముఖం వంక చూస్తూ నొక్కింది. అతను వీధిలోకి చూస్తూ ఉన్నాడు. ఆమె చెయ్యి వదిలేసింది.

ఎండాకాలం నుంచీ చిటికెన వేలూ, దాని పక్క వేలూ అట్లాగే మొద్దుబారి ఉన్నాయి. మోచేతి కింద రూపాయి బిళ్లంత మచ్చ ఉంది, చర్మం కన్నా కాస్త తెల్లగా. పొడుగు చేతుల చొక్కా వేసుకుంటే కనపడదు. పెద్దరోగం అనే మాట గానీ, కుష్ఠు అనే మాట గానీ ఆ ఇంట్లో ఎవరూ అనలేదు.

“మిషను ఆస్పత్రిలో శుక్రవారం చూస్తారంట,” అంది ఎలీసమ్మ. “పక్కింటి పుల్లమ్మ చెప్పింది.”

“పుల్లమ్మకెందుకు చెప్పావు?”

“నేనేం చెప్పలా. ఆమే మాటల్లో అంది.”

“పోదాంలే.”

“పోయిన నెల కూడా పోదాంలే అన్నావు.”

అతను పళ్లెం ముందుకు జరిగాడు. ఆమె అన్నం పెట్టింది. పచ్చిమిరపకాయ, వంకాయ పచ్చడి. వేళ్లు సరిగ్గా దగ్గరికి రాక ముద్ద జారింది. జారిన మెతుకులు ఏరి పళ్లెం అంచున పెట్టాడు. తింటూ బుల్లయ్య టాక్సీ గురించి ఆలోచించాడు. ఆ రోజు పానా లాగినప్పుడు బోల్టు ఆగింది. ఆగినట్టే ఉంది. భుజం దాకా తెలిసింది. ఎప్పుడూ ముందు వేళ్లకి తెలిసేది, ఆ తర్వాత భుజానికి. ఇప్పుడు వేళ్ల సంగతి వదిలేసి భుజాన్నే అడుగుతున్నాడు. రేకు సరిగ్గా వంచకపోతే బోల్టు వదులయ్యే మాట కూడా నిజమే. బుడే తనదే తప్పన్నాడు గదా. అట్లా అనుకుంటూ అన్నం తినేశాడు.

“బుడేని తీసేశాడు వలి,” అన్నాడు చెయ్యి కడుక్కుంటూ.

“ఎందుకు?”

“ఏదో రేకు సరిగ్గా వంచలేదని.”

ఎలీసమ్మ పళ్లెం తీసుకుని లోపలికి పోయింది.

*

బుధవారం ల్యాండ్‌మాస్టరు పని. పాత కారు. ప్రత్తిపాడు అవతల మిరప పండించే అంకమ్మరావుగారిది, అంతకు ముందు వాళ్ల నాన్నగారిది. వాగు నీళ్లలో రెండు పగళ్లు మునిగి ఉంది. ఇంజనంతా విప్పి కడిగి, అరిగిన చోటల్లా మార్చి మళ్లీ కట్టారు. గురువారం పొద్దున అంకమ్మరావుగారు వచ్చి తీసుకుపోతారు. మిగిలింది క్రాంకు బోల్టు, దాని రేకు, ఆ ముందు రేడియేటరు. అంతే.

బుడే ఉంటే బండెక్కి టాపు గేరు వేసి బ్రేకు తొక్కి కూచునేవాడు. బ్రేకు తొక్కకపోతే పానా లాగినప్పుడు బోల్టుతో పాటు ఇంజనే తిరిగిపోతుంది. ఆ రోజు నాగూర్ వలే ఎక్కి కూచున్నాడు.

“లాగన్నా,” అన్నాడు.

జక్రయ్య గోనెపట్టా మీద మోకాళ్లూని కూచున్నాడు. బోల్టుకి రెండు చుక్కలు నూనె వేశాడు. పెద్ద పానా తగిలించి, దానికి మూరెడు ఇనప గొట్టం దూర్చాడు. కుడిచెయ్యి గొట్టం చివర వేసి, ఎడమచెయ్యి పానా మెడ మీద పెట్టి కిందికి లాగాడు. బండి ముందుకు ఒకసారి ఊగింది. ఇంకోసారి లాగాడు. గొట్టం ఆగింది. ఆగినట్టు అనిపించింది.

“చాలు,” అన్నాడు.

నాగూర్ వలి దిగాడు. టోపీ జేబులోంచి తీసి పెట్టుకుంటూ, “నమాజుకి పోయొస్తా. రేకు నువ్వే వంచెయ్. ఇంకెవరికీ ఇవ్వద్దు,” అన్నాడు. రోడ్డు దాటి మసీదు వైపు పోయాడు.

జక్రయ్య పానా, గొట్టం అట్లాగే బోల్టుకి ఉంచి లేచాడు. షెడ్డు వెనక కుళాయి ఉంది. బిగింపు అయ్యాక పోయి చేతులు కడుక్కోవడం అతనికి ఎప్పణ్ణుంచో అలవాటు. సబ్బు ముక్కతో మోచేతుల దాకా కడుక్కుని, భుజం మీద తుండుతో తుడుచుకుంటూ తిరిగి వచ్చాడు.

కారులో కోటిరత్నం కూచుని ఉంది. ఎదురుగా బడ్డీ పెట్టుకుని టీ అమ్మే మనిషి. టీ కెటిలు కారు మడ్డుగార్డు మీద పెట్టింది. చెప్పులు కింద విడిచి, చీర కుచ్చెళ్లు మోకాళ్ల మధ్య దోపుకుని, ఒంటికాలితో బ్రేకు నొక్కి పట్టుకుని ఉంది.

“ఏంటి ఎక్కి కూచున్నావు?” అన్నాడు జక్రయ్య.

“తొక్కద్దా మరి?”

“ఎందుకు?”

“ఎందుకేంటి బాబాయ్. నువ్వు చేతులు కడుక్కోడానికి పోగానే నేనెక్కి తొక్కాలి గదా. ఇవ్వాళ బుడే లేడని ఊరుకోమంటావా? నేను తొక్కకపోతే మీ బండ్లు ఒక్కటన్నా రోడ్డెక్కుతాయా?” ఆమె నవ్వింది. “జీతం అడగట్లేదులే. తొందరగా కానీ, టీ చల్లారిపోద్ది.”

జక్రయ్య తుండు భుజం మీద వేసుకున్నాడు.

“నువ్వు తొక్కితే వాడేం చేసేవాడు?”

“ఏం చేసేవాడు, ఆ గొట్టం పట్టుకుని మూలిగేవాడు. నాకేం తెలుసు మీ పనులు. లాగి, చూసి, ఉలితో టకటకా కొట్టి ఇంక దిగమనేవాడు. నేను దిగేదాన్ని. అది మీ పద్ధతేమో అనుకున్నా.”

“ఎప్పణ్ణుంచి?”

“మా వాళ్లు మిరప నారు పోసిన కాణ్ణుంచి.”

“అన్ని బండ్లకా?”

“నువ్వు బిగించిన వాటన్నిటికీ.”

జక్రయ్య కెటిలు వైపు చూశాడు. దాని మూతి లోంచి ఆవిరి సన్నగా వస్తోంది.

“బుల్లయ్య టాక్సీకి తొక్కావా?”

కోటిరత్నం ఆలోచించింది. “ఆ రోజు నేనెక్కడున్నా? పెదనందిపాడు పోయాగా. మా అక్క ఇల్లు నీళ్లలో కూలింది, చూడ్డానికి పోయా. బడ్డీ కూడా మూసేశా.” ఆమె కాలు మార్చి మళ్లీ నొక్కింది. “ఏంటి బాబాయ్ అట్లా చూస్తావు? తొక్కనా, దిగనా?”

“తొక్కు.”

అతను గోనెపట్టా మీద కూచున్నాడు. గొట్టం చివర బంపరు పై అంచుకు సరిగ్గా ఎదురుగా ఉంది. అతను వదిలిన చోటే ఉంది. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు. ఎడమచేత్తో గొట్టం పట్టుకుని ఒంటి బరువంతా వేసి కిందికి లాగాడు. గొట్టం జానెడు దిగింది. మధ్యలో ఎక్కడా ఆగలేదు. బంపరు కింది అంచు కూడా దాటింది.

అతను వదిలేశాడు. ఇంకా దిగుతుందని తెలిసింది. ఎంత దిగాలో తెలియలేదు. ఎడమచేతికి ఆ పని ఎప్పుడూ చెప్పలేదు. ఎక్కువ లాగితే బోల్టు మెడ తెగిపోతుంది. తక్కువైతే బుల్లయ్య టాక్సీ లాగా అవుతుంది. గొట్టం తీసి పక్కన పెట్టాడు. పానా తీశాడు.

“అయిపోయిందా?” అంది కోటిరత్నం.

“దిగు.”

“ఉలి కొట్టలేదేం?”

ఆమె దిగి చెప్పులు వేసుకుని, గ్లాసులో టీ పోసి అతని పక్కన నేల మీద పెట్టింది. అతను టీ తాగలేదు. మీగడ కట్టేదాకా దాని వంక చూస్తూ కూచున్నాడు.

*

నాగూర్ వలి వచ్చి ముందు బోల్టు వైపే చూశాడు.

“రేకు వంచలేదేం?”

“బోల్టు బిగీలేదు వలీ.”

“నువ్వేగా బిగించింది.”

“నేనే. బిగీలేదు.”

నాగూర్ వలి టోపీ తీసి మడిచాడు. జక్రయ్య లేవకుండానే చెప్పాడు. ఎక్కువ మాటలు చెప్పలేదు. రెండు వేళ్లకి స్పర్శ లేదన్నాడు. పట్టు తగ్గిందని, చెయ్యి ముందే అలిసిపోయి చాలంటోందని అన్నాడు. బుడే తన వెనక మళ్లీ బిగించేవాడని, ఆ ఒక్కరోజు బ్రేకు తొక్కే మనిషి లేక బిగించలేదని చెప్పాడు. చెప్పినంతసేపూ నేల మీద ఒక నట్టును వేలితో దొర్లిస్తూ ఉన్నాడు.

నాగూర్ వలి షెడ్డు తలుపు దాకా పోయి రోడ్డు అటూ ఇటూ చూసి వచ్చాడు. వచ్చి ఎదురుగా ముక్కాలి పీట మీద కూచున్నాడు.

“ఇంకెవరికి చెప్పావన్నా?”

“ఎవరికీ చెప్పలా.”

“చెప్పబాకు.”

“బుడేది తప్పు కాదు.”

“వాడే ఒప్పుకున్నాడుగా. నేనేం కొట్టి ఒప్పించలేదుగా.” నాగూర్ వలి గొంతు తగ్గించాడు. “విను అన్నా. బోర్డు మీద పేరు నాది. బండ్లు వచ్చేది నీ చేతికి. జక్రయ్య బిగింపు వదులైందంటే రేపు ఈ రోడ్డులో నా దగ్గర ఒక్కడూ ఆగడు. అది ఒకటి. స్పర్శ లేదంటే జనం ఏమనుకుంటారో నీకు తెలీదా? నాకు చెప్పించబాకు. నా షెడ్డులో నీళ్లు కూడా ముట్టరు. నీ ఇంటికి నిప్పు అడగడానికి కూడా ఎవరూ రారు.”

“మరి బుడే?”

“బుడేకి ఎక్కడో దొరుకుద్ది. వయసులో ఉన్నాడు.”

“రేకు సరిగ్గా వంచలేడని తీసేసిన వాణ్ణి ఎవడు పెట్టుకుంటాడు?”

నాగూర్ వలి లేచి బోల్టు వైపు చూపించాడు.

“నాకు చేతనైనంత నేను లాగుతా. నువ్వు పక్కన నిలబడు. రేపు అంకమ్మరావుగారు అడిగితే బిగించానను. ఒక్క మాట. ఆ తర్వాత నువ్వు చెయ్యి వెయ్యకు, పక్కన నిలబడితే చాలు. జీతం జీతమే.”

జక్రయ్య లేచాడు. తుండు దులిపాడు.

“ఇవ్వాళ లాగబాకు,” అన్నాడు. “పొద్దున చూద్దాం.”

“నువ్వేం చెప్పలేదు అన్నా. నేనేం వినలేదు,” అన్నాడు నాగూర్ వలి వెనక నుంచి.

*

బుడే ఇల్లు ఆనందపేటలో రెండు సందుల అవతల. ఇంకా పొద్దు కుంకలేదు. బుడే తల్లి సర్దార్‌బీ వాకిట్లో చాట పెట్టుకుని కోటా బియ్యంలో రాళ్లు ఏరుతోంది. జక్రయ్యను చూసి చాట పక్కన పెట్టింది.

“రా జక్రయ్యా. తీసేశాక చూడ్డానికొచ్చావా?”

“బుడే లేడా?”

“జిన్నింగు మిల్లులో దించారు మహారాజుని. తడి పత్తి మోస్తున్నాడు. ఇంతకాలం నీ దగ్గర నేర్చుకున్న విద్యకి అది దొరికింది.” ఆమె మంచం వాల్చింది. “కూచో. కోపం నీ మీద కాదులే. వాడి మీద. ఒక్క రేకు వంచడం చేతకాలేదా అంటే, చేతకాలేదమ్మా అంటాడు.”

జక్రయ్య కూచున్నాడు. కాసేపటికి బుడే వచ్చాడు. జుట్టు నిండా, కనుబొమల మీద కూడా దూది పట్టుకుని ఉంది. ఒంటి నుంచి కుళ్లిన పత్తి వాసన వస్తోంది. జక్రయ్యను చూసి గుమ్మంలోనే ఆగాడు.

“ఏంది మేస్త్రీ?”

“కోటిరత్నం చెప్పింది.”

బుడే తల్లి వైపు చూశాడు. సర్దార్‌బీ చాట తీసుకుని లోపలికి పోయింది. బుడే తొట్టి దగ్గర కూచుని ముఖం కడుక్కోవడం మొదలుపెట్టాడు.

“ఆమెకి నోరాగదు,” అన్నాడు.

“ఎట్లా తెలిసింది నీకు?”

“మొన్న ఎండాకాలం ఒక వ్యాను పని చేస్తున్నప్పుడు నీ చెయ్యి సైలెన్సరు మీద ఉంది. ఇంజను నడుస్తోంది. నువ్వు ఇంకో చేత్తో ఏదో చూస్తున్నావు. కాలిన వాసన నాకొచ్చింది. నీకు రాలేదు. నేను పిలిస్తే తీశావు. దేనికి పిలిచావని అడిగావు.”

“నువ్వేమన్నావు?”

“పది నంబరు పానా ఎక్కడ పెట్టావన్నా.”

జక్రయ్య గుర్తు చేసుకోవడానికి చూశాడు. గుర్తు రాలేదు.

“అప్పుడే చెప్పొచ్చుగా.”

“ఏమని చెప్పమంటావు? మేస్త్రీ, నీ బిగింపు నమ్మట్లేదు అననా?” బుడే నీళ్లు చిమ్మి చేతులు విదిలించాడు. “ఒకసారి పట్టి చూశా. తిరిగింది. ఇంకో బండికి చూశా. అదీ తిరిగింది. అప్పణ్ణుంచి చూసుకుంటా ఉన్నా. నువ్వు కుళాయి దగ్గరకి పోతావు, నేను చేసుకుంటా. ఎవరికీ ఇబ్బంది లేదు.”

“మరి నిన్న వలితో నీ తప్పని ఎందుకన్నావు?”

“నాదేగా.”

“నాది.”

“నీదెట్లా అవుద్ది మేస్త్రీ? ఆ రోజు కోటిరత్నం రాలేదు. ఇంకెవర్నన్నా బ్రేకు తొక్కమంటే ఎందుకంటారు. ఈ ఒక్క బండికేం అవుద్దిలే అనుకున్నా. అనుకుని రేకు వంచేశా. నీకు తెలీదు, నాకు తెలుసు. తెలిసి వంచినోడిదిగా తప్పు.” అతను దాని గురించి ముందే ఆలోచించుకుని ఉన్నాడు. మాటలు తడుముకోలేదు. “నిన్ను కాపాడానని అనుకోబాకు. నేనట్లా చెయ్యలేదు.”

జక్రయ్య మంచం పట్టెను పట్టుకుని కూచున్నాడు.

“నాకూ కొంత తెలుసు,” అన్నాడు చివరికి.

బుడే ముఖం తుడుచుకోవడం ఆపాడు. మళ్లీ తుడుచుకున్నాడు.

“ఆస్పత్రికి పోయావా?”

“లేదు.”

“పో.”

లోపల నుంచి సర్దార్‌బీ టీ పెట్టనా అని అడిగింది. జక్రయ్య వద్దన్నాడు. లేచి, సందు చివరి దాకా పోయి, అక్కడ కాసేపు నిలబడి, ఇంటికి పోయాడు. పడుకున్నాక, శుక్రవారం పోదాం అని ఒక్క మాట అన్నాడు. ఎలీసమ్మ సరే అంది.

*

తెల్లవారి జక్రయ్య షెడ్డుకి పోలేదు. జిన్నింగు మిల్లు గేటు దగ్గరికి పోయాడు. కూలీలు ఇంకా బయటే ఉన్నారు. వాళ్లలో బుడే గోనెసంచి తలకి చుట్టుకుని నిలబడి ఉన్నాడు. జక్రయ్య వెళ్లి అతని ముంజేయి పట్టుకున్నాడు.

“పద.”

“ఎక్కడికి? మేస్త్రీ, వదులు. పేరు పిలుస్తారు ఇప్పుడు.”

జక్రయ్య వదల్లేదు. నడుస్తూనే ఉన్నాడు. బుడే నాలుగడుగులు పక్కన నడిచి, “మెల్లగా పట్టుకో, నొప్పి పుడుతోంది,” అన్నాడు. జక్రయ్య తన చేతి వైపు చూసుకుని ఎడమచేత్తో ఆ వేళ్లు విడదీశాడు. తర్వాత ఇద్దరూ పక్కపక్కన నడిచారు.

షెడ్డులో అంకమ్మరావుగారు అప్పటికే వచ్చి కారు చుట్టూ తిరిగి చూసుకుంటున్నారు. తెల్ల పంచె, చేతిలో గొడుగు. నాగూర్ వలి ఆయన వెనక నిలబడి ఉన్నాడు. బుల్లయ్య కూడా తన టాక్సీ క్రాంకు సంగతి అడగడానికి వచ్చి స్టూలు మీద కూచున్నాడు. బుడేని చూసి నాగూర్ వలి ముందు కోపంగా, తర్వాత జక్రయ్య వైపు ఇంకో రకంగా చూశాడు. వద్దన్నట్టు కొంచెం తల ఊపాడు.

“రావయ్యా జక్రయ్యా,” అన్నారు అంకమ్మరావుగారు. “నీ కోసమే చూస్తున్నా. మా నాన్న కారు ఇది, పాడు చెయ్యబాకండి. బిగించావా?”

“లేదండి.”

“ఇంకా లేదా? కానీ మరి, ఎండెక్కకముందు పోవాలి.”

“బుడే బిగిస్తాడండి.”

“బుడే ఎవరు? వీడా? వీడు బిగించిన టాక్సీనేగా ఈయన తాడు కట్టి లాక్కొచ్చింది?”

“ఆ టాక్సీ బిగించింది నేనండి,” అన్నాడు జక్రయ్య. “వీడు కాదు. నా కుడిచేతికి స్పర్శ లేదు. ఎండాకాలం నుంచీ లేదు. ఈ నాలుగైదు నెలలూ నేను వదిలినవన్నీ వీడే మళ్లీ బిగిస్తున్నాడు. వీడు బిగించని ఒక్కటే వదులైంది.”

బుల్లయ్య స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. అంకమ్మరావుగారు జక్రయ్య చేతి వైపు, చొక్కా మణికట్టు దాకా గుండీ పెట్టి ఉండడం వైపు చూశారు. చూసి ఒక అడుగు వెనక్కి వేశారు. గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నారు. నాగూర్ వలి కళ్లు నేల మీదికి దించుకున్నాడు.

“వలీ, ఏంటిది?” అన్నారు అంకమ్మరావుగారు.

నాగూర్ వలి తల ఎత్తకుండానే, “ఆయన చెప్పినట్టేనండి,” అన్నాడు.

అంకమ్మరావుగారు కారు వైపు చూశారు. దాన్ని అట్లాగే ఇంకో షెడ్డుకి తోయించుకు పోదామా అని ఆలోచిస్తున్నట్టు కనపడ్డారు. రోడ్డు వైపు చూశారు. పోలేదు. దగ్గరికి కూడా రాలేదు. ఉన్నచోటే నిలబడ్డారు.

జక్రయ్య కారు తలుపు తీశాడు. ఎడమచేత్తో తీశాడు. ఎక్కి డ్రైవరు సీట్లో కూచున్నాడు. ఆ సీట్లో అతను కూచుని చాలా కాలమైంది. గేరు వేశాడు. కాలితో బ్రేకు నొక్కాడు. పెడలు గట్టిగా తగిలింది. పాదానికి బాగానే తెలిసింది.

“లాగు,” అన్నాడు.

బుడే తలకి చుట్టుకున్న గోనెసంచి విప్పి, బండి ముందు పరిచి మోకాళ్లూనాడు. పానా బోల్టుకి పట్టిన చప్పుడు వినపడింది. గొట్టం దూర్చిన చప్పుడు వినపడింది. బానెట్టు లేచి ఉండడం వల్ల జక్రయ్యకు అతను కనపడలేదు. బండి ముందుకు ఒకసారి ఊగింది. ఇంకోసారి ఊగి, అంతా బిగుసుకున్నట్టు ఆగింది.

“చాలా మేస్త్రీ?” అన్నాడు బుడే.

జక్రయ్య జవాబు చెప్పలేదు. అక్కడి నుంచి అతనికి తెలిసే దారి లేదు. కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత బండి ఇంకొంచెం, చాలా కొంచెం, ముందుకు వంగింది. గొట్టం నేల మీద పెట్టిన చప్పుడయింది. ఆ తర్వాత ఉలి మీద సుత్తి దెబ్బలు పడ్డాయి.

బుడే దిగమనేదాకా జక్రయ్య బ్రేకు మీంచి కాలు తియ్యలేదు.